పురి పొగాకుతో ఇంట్లోనే ముక్కుపొడుం

పొడుం చేసుకోవాలి అనగానే అందరూ నూరడం గురించే అడుగుతారు, కల్వంలోనా మిక్సీలోనా అని. నన్నడిగితే పొడుం కుదరడం, కుదరకపోవడం అన్నది నూరకముందే తేలిపోతుంది. ఆకు సరిగ్గా ఎండితే దాన్ని రాయితో నూరినా పొడుమే, ఎండకపోతే ఎంత ఖరీదైన మిక్సీలో వేసినా జిగురు ముద్దే.

ఒక మాట ముందే చెప్పేస్తాను. పొగ లేదు కదా అని ఇది మంచిదేం కాదు. నికోటిన్ ఒకసారి పట్టుకుంటే అంత తేలిగ్గా వదలదు, క్యాన్సర్ తెచ్చే నైట్రోసమైన్లు పొడుంలోనూ ఉంటాయి. ఇప్పటికే అలవాటున్న పెద్దవాళ్ల కోసం రాస్తున్నాను, లేనివాళ్లు కొత్తగా మొదలుపెట్టకండి.

మన దగ్గర దీనికి పనికొచ్చేది గోదావరి లంకల పొగాకు. వరద వదిలిపోయిన ఒండ్రులో పెరిగే ఆకు, చుట్టలకి వాడేది. మందంగా, ముదురు రంగులో, మంచి ఘాటుగా ఉంటుంది. సిగరెట్లకి పోయే వర్జీనియా ఆకు చూడ్డానికి బంగారంలా ఉన్నా పొడుంలో తేలిపోతుంది. ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లకైతే బ్రౌన్ ట్విస్ట్ అని తాడులా పురిపెట్టిన నల్లటి పొగాకు దొరుకుతుంది. అక్కడ కెండల్ అనే ఊళ్లో 1792 నుంచీ పొడుం తయారీ ఉంది, ట్విస్ట్‌కీ ఆ ఊరే పేరు. పురిపెట్టేటప్పుడు ఆకు తడిగా ఉంటుంది, పైన కాస్త నూనె కూడా రాస్తారు కాబట్టి అది ఎండడానికి మామూలు ఆకు కంటే ఎక్కువ టైమ్ పడుతుంది.

50 గ్రాములు తీసుకోండి. విడి ఆకైతే నడిమి ఈనె మొత్తం లాగిపారేయండి, ఈనె ఉండిపోతే పొడుం పీచుపీచుగా, ఘాటు లేకుండా తయారవుతుంది. పురి పొగాకైతే పదునైన కత్తితో అడ్డంగా పలుచటి బిళ్లలు కోసి, ఒక్కో బిళ్లనీ వేళ్లతో నలిపి పోగులు పోగులుగా విడదీయండి. ఈ విడదీసే పనే విసుగు, కానీ బిళ్లని అలాగే వదిలేస్తే పైన ఎండి లోపల పచ్చిగానే ఉండిపోతుంది.

ఇప్పుడు అసలు పని. పొగాకుని పళ్లెంలో పలుచగా పరిచి, ఎండ ఉంటే ఎండలో, లేదంటే ఓవెన్‌లో 90 డిగ్రీల దగ్గర తలుపు కొద్దిగా తెరిచి పెట్టండి. పెనం మీద చేసేటట్టయితే మంట బాగా తగ్గించి, చెయ్యి ఆపకుండా కలుపుతూనే ఉండాలి. పొగ లేచిందా, ఆకు మాడినట్టే, ఆ చేదు ఇక పోదు. గడియారం చూడకండి, ఆకుని చూడండి: చిటికెలో పట్టి నలిపితే కరకరమని రాలిపోవాలి, వంగితే ఇంకా కాలేదు. వేడి మీద కాస్త మెత్తగా అనిపిస్తుంది, చల్లారాక చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. కిటికీలన్నీ తీసి పెట్టుకోండి, లేకపోతే ఇల్లంతా దగ్గే.

నూరడానికి కల్వమే నాకిష్టం. మిక్సీ అయితే దీనికంటూ వేరే జార్ పెట్టుకోండి, పచ్చడి జార్‌లో వేశారంటే ఆ తర్వాత ఇంట్లోవాళ్లతో పడేది మీరే. కొద్దికొద్దిగా తిప్పుతూ ఆపండి, ఏకధాటిగా తిప్పితే జార్ వేడెక్కి పొడి గోడలకి అతుక్కుంటుంది. మూత వెంటనే తీయకండి, దుమ్ము సర్దుకోనివ్వండి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి. తర్వాత పాత పంచెగుడ్డతో వస్త్రకాయితం పట్టి, మిగిలిన నూక మళ్లీ నూరుకోవడమే. మరీ మెత్తటి పొడి ముక్కులో ఆగకుండా గొంతులోకి దిగి మంట పెడుతుంది. గరుకు నచ్చేవాళ్లు గుడ్డ బదులు సన్న జల్లెడ వాడుకోవచ్చు.

ఇక సున్నం. తాంబూలంలో రాసుకునే సున్నమే, ఎండబెట్టి పొడి చేసి శనగగింజంత చాలు. గోడలకి వేసేది వద్దు, నీళ్లు పోయని రాతిసున్నం అసలే వద్దు, ముక్కు లోపల కాలుతుంది. ఆకులో నికోటిన్ ఆమ్లాలతో కలిసి ఉంటుంది, సున్నంలోని క్షారం దాన్ని విడదీస్తుంది, పట్టు వేయగానే తలకెక్కేది అందుకే. సున్నం కలిపిన వెంటనే అమ్మోనియా కంపు గుప్పుమంటుంది. కంగారు పడకండి, గాలికి పెడితే తగ్గుతుంది. ఆ మీదట అరచెంచా కరిగిన నెయ్యి చిలకరించి, అరచేతులతో బాగా రుద్దండి. పొడుం ఎగిరిపోకుండా, ముక్కు మరీ ఎండిపోకుండా చూసేది ఆ నెయ్యే. ట్విస్ట్‌లో ముందే నూనె ఉంటుంది కాబట్టి నెయ్యి సగానికి తగ్గించుకోండి, లేకపోతే ఉండకట్టేస్తుంది. కొందరు లవంగం, ఇంకొందరు అత్తరు చుక్క వేస్తారు, నాకైతే ఆకు వాసన చాలు.

గాజు సీసాలో పోసి బిగుతుగా మూత పెట్టి రెండు మూడు రోజులు ఆగండి. చేసిన రోజే పీలిస్తే సున్నం ఘాటు తప్ప ఇంకేం తెలీదు. పీల్చేటప్పుడు కూడా గట్టిగా ఎగబీల్చకండి, పూవు వాసన చూసినంత నెమ్మదిగా చాలు. సీసా మీద పేరు రాసి, పిల్లలకి అందని చోట పెట్టండి. చిన్నపిల్లలు కాస్త మింగినా ప్రమాదమే, పైగా చూడ్డానికి అచ్చం కాఫీపొడిలాగే ఉంటుంది.