ఇయర్‌బడ్స్ ల్యాప్‌టాప్‌కు కనెక్ట్ కాకపోతే ముందు ఫోన్ చూడండి

బడ్స్ పాడయ్యాయనుకుని కడప ఏడు రోడ్ల దగ్గర షాపుల చుట్టూ తిరిగే ముందు ఒక్క పని చేయండి, ఫోన్‌లో బ్లూటూత్ ఆపేయండి. చాలాసార్లు కేస్ మూత తీయగానే అవి ఫోన్‌కే వెళ్లి అతుక్కుంటాయి, ల్యాప్‌టాప్ ఎంత పిలిచినా పలకవు. అసలు చిక్కు ఎక్కువగా ఇదే. అప్పటికీ కాకపోతే విండోస్ సెట్టింగ్స్‌లో బ్లూటూత్‌కు వెళ్లి, బడ్స్ పేరు దగ్గర రిమూవ్ డివైస్ కొట్టి, మూత తెరిచిన కేస్‌లోనే వాటిని ఉంచి లైటు మిణుకుమనేదాకా బటన్ నొక్కి పట్టుకుని (కొన్నిటికి బడ్స్ మీదే నొక్కాలి), యాడ్ డివైస్‌తో మళ్లీ కలపండి. కనెక్టెడ్ అని చూపిస్తూ శబ్దం రాకపోతే కింద మూలనున్న స్పీకర్ గుర్తు దగ్గర అవుట్‌పుట్‌గా బడ్స్‌ను ఎంచుకోండి. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉన్న పిల్లలు మాత్రం ఇదంతా ముందురోజే చూసుకోండమ్మా, ఆ టైంలో ఈ టెన్షన్ వద్దు.