సాల్ట్‌లేక్ సిటీకి వస్తున్న అనంతపురం తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

మొన్న శనివారం ధర్మవరం పిల్లోడొకడు రబ్బరు చెప్పులు, అర లీటరు నీళ్ల సీసాతో కొండెక్కడానికి బయల్దేరాడు. గుమ్మం దగ్గరే ఆపి నాలుగు తిట్టాను. బ్యాంకు ఖాతా, ఫోను సిమ్ము సంగతి ఎవరైనా చెబుతారు. ఇక్కడి కొండలకు ఎట్లా పోవాలో, ఎందుకు పోవాలో ఎవరూ చెప్పరు.

నేను వచ్చిన ఏడాది జూలై 24న ఓ కాగితం పని మీద ప్రభుత్వ ఆఫీసుకు పోతే తాళం. రాత్రికి టపాకాయలు. జూలై నాలుగు, అమెరికా స్వాతంత్ర్య దినం, అయిపోయింది కదా, మళ్లీ ఇదేంటప్పా అనుకున్నా. 1847లో ఆ రోజే మార్మన్లనే క్రైస్తవ శాఖ వాళ్ల పెద్ద బ్రిగమ్ యంగ్ ఈ లోయలో అడుగుపెట్టాడట, అందుకే ఈ సెలవు. ఆ మార్మన్ జనం వచ్చీరాగానే కొండవాగుకు అడ్డం కట్టి, ఎండిన నేల తడిపి ఉర్లగడ్డలు వేశారు. తర్వాత, 1856 నుంచి 1860 దాకా, బండి కట్టుకునే స్తోమత లేనివాళ్లు సామాను తోపుడుబండ్ల మీద వేసుకుని నెలల తరబడి నడిచొచ్చారు. మొదటి ఏడాదే రెండు గుంపులు వయోమింగ్ మంచులో చిక్కి రెండు వందల మందికి పైగా పోయారు. అయితే అంతకు ముందే ఇక్కడ షోషోన్, యూట్, గోషూట్ జనం ఉన్నారు. ఖాళీ నేలకొచ్చారని ఎవరన్నా అంటే తలూపకండి.

ఈ యూటా రాష్ట్రం గుర్తు తేనెపట్టు, అంటే అందరూ కలిసి కష్టపడటం. మీరు లేవకముందే పక్కింటాయన మీ వాకిట్లో మంచు తోసి పోతాడు, అనుమానపడొద్దు. శనివారం కొండకు పిలుస్తాడు. నేను మూడుసార్లు రానన్నా. మన దగ్గర కొండెక్కేది దేవుడి కోసమో, మేకల కోసమో కదా! నాలుగోసారి పిలవలేదు. ఆ చలికాలమంతా గదిలో ఒక్కణ్ణే కూర్చున్నా.

కాబట్టి పిలిస్తే పోండి. కానీ నీళ్లు! ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే మనది కరువు జిల్లా అయితే, ఇక్కడ సగటు 400 దరిదాపుల్లోనే. చెమట పట్టినట్టే తెలీదు, గాలి తాగేస్తుంది. రోజంతా తిరిగేటట్టయితే మనిషికి నాలుగు లీటర్లు. బరువని ఏడవొద్దు.

ఇక రాష్ట్రం దక్షిణాన జయాన్ అనే జాతీయ పార్కుకు పోతే, మన వంక గుర్తు తెచ్చుకోండి. పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే ఎర్రనీళ్లు దిగుతాయి చూడండి, అదే ఇది. మన వంకకు ఎక్కడానికి గట్టుంటుంది, ఇక్కడి సందుల్లో రెండు పక్కలా నిలువు రాయి. 2015 సెప్టెంబరులో అక్కడి కీహోల్ కాన్యన్ అనే సందులో వరదకు ఏడుగురు కొట్టుకుపోయారు. ఆకాశం నీలంగా ఉంది కదన్నా అంటాడు మా ధర్మవరం పిల్లోడు. తల మీది ఆకాశంతో ఏం పని రా? బయల్దేరే పొద్దున వాతావరణ శాఖ వరద సూచన చూడండి. వాన మాట ఉంటే సందులోకి దిగొద్దు.

ఇంత భయపెట్టాను గానీ, బుక్కరాయసముద్రం కట్ట మీద తిరిగినోళ్లకు ఈ నేల అంత కొత్తేం కాదు, ఇక్కడా తోటలున్నాయి. క్యాపిటల్ రీఫ్ అనే ఇంకో జాతీయ పార్కులో ఆ మార్మన్ జనం 1880ల్లో వేసిన పండ్ల తోటలు ఇప్పటికీ కాస్తున్నాయి. కాపు మీద పోతే చెట్టు కిందే కోసుకుని ఎన్నైనా తినొచ్చు, డబ్బులడగరు. ఇంటికి తెచ్చుకుంటేనే లెక్క.

వచ్చే శనివారం మావాడు మళ్లీ వస్తున్నాడు. బూట్లు కొన్నాడంట. నీళ్లు మాత్రం నేనే పట్టుకుపోతాను.