రాకాసిలోయ నుంచి రాబిన్‌హుడ్ దాకా: పాత బొమ్మల పుస్తకాలు పోగేసేవాళ్లకు

పాత బొమ్మల పుస్తకాలు పోగెయ్యాలని దిగేవాళ్లు చాలామంది ఏది దొరికితే అది కొంటారు. కొన్నాళ్లకు బీరువా నిండుతుంది, కూర్చుని చదువుకోడానికి ఒక్క కథా పూర్తిగా ఉండదు. ముందు ఒక సీరియలో, ఒక చిత్రకారుడో పట్టుకోండి. నేను పట్టుకున్నది చిత్రాగారిని. దాసరి సుబ్రహ్మణ్యం చందమామలో రాసిన తోకచుక్క, మకరదేవత, రాకాసిలోయ లాంటి సాహస సీరియళ్లకు ఆయనే బొమ్మలు వేశారు. అసలు పేరు టి.వి. రాఘవన్. ముఖచిత్రాల మీద మోజుంటే వడ్డాది పాపయ్య ఉన్నారు, బేతాళుడు కావాలంటే శంకర్.

మాది కందుకూరు. 2022లో ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి మార్చారు. ఇక్కడ పాత పేపర్ల కొట్టును మించిన చోటు లేదు. కట్టలు కాటా ఎక్కకముందే ఫోన్ చెయ్యమని చెప్పిపెట్టుకోవాలి. "ఏందక్కా, పిలకాయల పుస్తకాలకి ఇంత ఎతుకులాట!" అని నవ్వుతాడు మా కొట్టతను, కానీ చేస్తాడు. భోగికి ముందు ఇళ్లు దులిపే రోజుల్లో అటకల మీదవి బాగా దిగుతాయి. మద్రాసు పనిబడితే ట్రిప్లికేన్ పైక్రాఫ్ట్స్ రోడ్డు కూడా ఒక చూపు చూసి రండి.

విడి సంచికల కంటే ఇంట్లో కుట్టించుకున్న బైండులే నాకిష్టం. ఆ రోజుల్లో నెలనెలా సీరియల్ పేజీలు విడదీసి దాచి, కథ అయిపోయాక బైండు చేయించేవాళ్లు. ముఖచిత్రాలు ఉండవని కలెక్టర్లు వీటిని చిన్నచూపు చూస్తారు, మనకు అదే లాభం. కొనేముందు మధ్యలో తెరిచి, కుట్టు దగ్గర బొమ్మ ఎంత లోపలికి పోయిందో చూడండి. బైండరు అంచులు కోసేటప్పుడు బొమ్మల పక్కలు కూడా లేచిపోయి ఉండొచ్చు. తర్వాత పుస్తకం నిలబెట్టి టేబుల్ మీద మెల్లగా తట్టండి. సన్నటి పిండి రాలితే లోపల పురుగు ఇంకా బతికే ఉండొచ్చు. మైదా జిగురులో మైలుతుత్తం కలిపిన బైండరు చేతిలో పడ్డవి సాధారణంగా బాగుంటాయి. ఈ సీరియళ్లలో కొన్ని తర్వాత పుస్తకాలుగా మళ్లీ అచ్చయ్యాయి. చదువుకోడానికి అవి చాలు, వాటికి పాతవాటి ధర పెట్టకండి.

ఇంగ్లీషువి కొనేటప్పుడు ఇంకొంచెం జాగ్రత్త. హోవర్డ్ పైల్ 1883లో రాబిన్‌హుడ్ కథలు తనే రాసి, తనే బొమ్మలు వేశాడు. ఆయన శిష్యుడు ఎన్.సి. వైయెత్ 1911లో ట్రెజర్ ఐలండ్‌కి, 1917లో రాబిన్‌హుడ్‌కి రంగుల బొమ్మలు వేశాడు. అమెరికన్ బాప్టిస్టు మిషన్లు నెల్లూరులో, ఒంగోలులో ఏళ్ల తరబడి ఉండబట్టో ఏమో, మా వైపు లండన్ పుస్తకాల మధ్య అమెరికావి కూడా అప్పుడప్పుడూ తగులుతుంటాయి. ట్రెజర్ ఐలండ్ లోపల 1911 అని ఉండగానే తొలి ముద్రణ అని ఎగరకండి. అది కాపీరైట్ సంవత్సరం, తర్వాతి ముద్రణల్లోనూ ఉంటుంది. ఈ రంగుల బొమ్మలు విడిగా అచ్చేసి మధ్యలో చేర్చినవి, వాటికి మామూలుగా పేజీ నంబరుండదు. ఎవరైనా చింపుకున్నా పేజీల లెక్క సరిగ్గానే వస్తుంది. అందుకే ముందుండే బొమ్మల పట్టిక మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి. మొహమాటపడొద్దు, అమ్మేవాడు విసుక్కుంటే విసుక్కుంటాడు.

ఇంటికి తెచ్చాక ఎండలో పెట్టకండి, నీడలో గాలికి ఆరబెట్టండి. పురుగు అనుమానం ఉంటే గాలి దూరకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి రెండు వారాలు డీప్ ఫ్రీజర్లో ఉంచండి. బయటికి తీశాక కవరు వెంటనే విప్పొద్దు, చల్లదనం పోయి గది వేడికి వచ్చేదాకా ఆగాలి. లేకపోతే చెమ్మ పట్టేస్తుంది. తుప్పు పట్టిన పిన్నులు మెల్లగా తీసేసి దారంతో కుట్టండి. సెల్లోటేపు మాత్రం వద్దు, నాలుగేళ్లకు పసుపు మరక మిగులుతుంది. పల్చటి సంచికలు నిలబెడితే వంగిపోతాయి, పడుకోబెట్టండి.

ఏ సంచికలు లేవో ఒక చిన్న నోటుబుక్కులో రాసుకుని బ్యాగులో ఉంచుకోండి. డబుల్ వచ్చినవి అమ్మకండి. మీకు లేనిది ఇంకొకరి దగ్గర డబుల్ ఉంటుంది, మార్చుకోడానికి పనికొస్తాయి.