కొత్త కస్టమ్ ఎయిర్ రైఫిల్ గురిని పరీక్షించడం ఎలా?

కొత్త రైఫిల్ చేతికి రాగానే చాలామంది దాన్ని భుజానికెత్తుకుని పది షాట్లు కొడతారు. వాటిలో బాగా వచ్చిన టార్గెట్ కార్డును ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారు. ఆ సంతోషాన్ని నేను కాదనను. కానీ ఆ కార్డును బట్టి రైఫిల్ మంచిదో కాదో తెలియదు. అందులో రైఫిల్ పనితనంతో పాటు షూటర్ చెయ్యి, ఊపిరి, ఆ రోజు టెన్షన్ అన్నీ కలిసి ఉంటాయి. పిల్లల కోసం లక్షలు పోసి, కొలతలిచ్చి స్టాక్ (భుజానికి ఆనించి పట్టుకునే భాగం) చేయించుకున్న తల్లిదండ్రులకు ఇంకా స్పష్టమైన జవాబు కావాలి. ముందు మనిషిని పక్కన పెట్టి రైఫిల్‌ను ఒక్కదాన్నే పరీక్షించాలి. ఆ తర్వాతే ఇద్దర్నీ కలిపి చూడాలి.

ఇక్కడ చెప్పేది 10 మీటర్ల మ్యాచ్ ఎయిర్ రైఫిల్ గురించి. దీని బోరు 4.5 మిల్లీమీటర్లు, శక్తి ఏడున్నర జౌళ్ల చుట్టుపక్కల ఉంటుంది. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 20 జౌళ్లకు మించిన శక్తి గానీ, 4.5 మిల్లీమీటర్లకు మించిన బోరు గానీ ఉన్న ఎయిర్ గన్‌కే లైసెన్స్ కావాలి. లైసెన్స్ అక్కర్లేదు కదా అని జాగ్రత్తలు తగ్గించకూడదు. మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. కాల్చనప్పుడు బారెల్‌లో పెల్లెట్ లేదని చూపే సేఫ్టీ ఫ్లాగ్ ఉండాలి. టార్గెట్ వెనక పెల్లెట్‌ను పట్టే ఇనుప పెట్టె ఉండాలి. పెల్లెట్లు సీసంతో చేసినవి కాబట్టి చేతులు సబ్బుతో కడుక్కోకుండా టిఫిన్ ముట్టకూడదు.

ఎంత గురి ఉంటే చాలు?

పరీక్ష మొదలుపెట్టే ముందు ఈ లెక్క తెలియాలి. టార్గెట్ మధ్యలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. పెల్లెట్ అంచు ఆ చుక్కను తాకితే చాలు, పది వస్తుంది. అంటే పెల్లెట్ కేంద్రం టార్గెట్ కేంద్రానికి 2.5 మిల్లీమీటర్ల లోపు పడాలి. అక్కడి నుంచి ప్రతి 0.25 మిల్లీమీటరు దగ్గరైన కొద్దీ 0.1 పాయింటు పెరుగుతుంది. 10.9 రావాలంటే కేంద్రం నుంచి పావు మిల్లీమీటరు లోపే పడాలి.

2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచింది ఈ పోటీలోనే. చివరి షాట్‌కు ముందు ఫిన్లాండ్ షూటర్‌తో సమానంగా ఉండి, ఆ షాట్‌లో 10.8 కొట్టాడు. అంటే ఆ పెల్లెట్ కేంద్రానికి అర మిల్లీమీటరు లోపు పడింది. 2012లో లండన్‌లో హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచిందీ ఇందులోనే. ఇప్పుడు క్వాలిఫికేషన్‌లో 60 షాట్లూ దశాంశాల్లోనే లెక్కిస్తారు. కాబట్టి రైఫిల్ 'పది కొడుతుందా' అని కాకుండా, కేంద్రం నుంచి ఎంత దూరం తప్పుతోంది అని అడగాలి.

మన ఊరి గాలి, చెమ్మ

విశాఖలో ఈ విషయం మీద కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. ఇక్కడ వేసవి ఉక్కపోత సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు. మిగతా కాలాల్లోనూ సముద్రం మీది నుంచి చెమ్మ, ఉప్పు వస్తూనే ఉంటాయి. బీచ్ రోడ్డుకు దగ్గరి ఇళ్లలో కిటికీ ఊచలకు ఏ గతి పడుతుందో, నిర్లక్ష్యం చేస్తే బారెల్‌కూ అదే గతి పడుతుంది.

మొదటి సంగతి రైఫిల్ సిలిండర్‌లో నింపే గాలి. మ్యాచ్ రైఫిల్ సిలిండర్లను సాధారణంగా 200 బార్ వరకు నింపుతారు. ఇక్కడి గాలిని చేతి పంపుతో అంత ఒత్తిడికి నొక్కితే అందులోని తేమ నీళ్లై సిలిండర్‌లోనే దిగిపోతుంది. లోపల తుప్పు పడుతుంది, ప్రతి షాట్‌కూ ఒకే ఒత్తిడితో గాలి అందించే రెగ్యులేటర్ పాడవుతుంది. రెగ్యులేటర్ పాడైతే షాట్ షాట్‌కూ వేగం మారుతుంది. అప్పుడు మీరు బారెల్‌ను తిట్టుకుంటూ కూర్చుంటారు. అందుకే ఫిల్టర్ ఉన్న కంప్రెసర్ నుంచి గానీ, డైవింగ్ వాళ్లు వాడే పొడి గాలి సిలిండర్ నుంచి గానీ నింపుకోవడం మేలు. నెమ్మదిగా నింపండి. త్వరగా నింపితే సిలిండర్ వేడెక్కి, చల్లారాక ప్రెషర్ పడిపోతుంది. ఆక్సిజన్ సిలిండర్‌తో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ నింపవద్దు. లోపల నూనె అంటుకుని ఉంటే పేలిపోతుంది. సిలిండర్ మీద ముద్రించిన గడువు తేదీ కూడా చూసుకోండి.

రెండో సంగతి ఏసీ. ఏసీ కారులోంచో గదిలోంచో రైఫిల్‌ను ఒక్కసారిగా బయటికి తీస్తే ఇనుము మీద, డయాప్టర్ (కంటి దగ్గర ఉండే వెనక సైట్) మీద నీటి పొర పడుతుంది. పెట్టె మూత తీయకుండా రేంజ్‌లోనే అరగంట, ముప్పావు గంట ఉంచి, ఆ తర్వాత తెరవండి. పరీక్ష మొత్తం ఒకే గదిలో, ఒకే ఉష్ణోగ్రతలో జరగాలి. పని అయ్యాక పొడి గుడ్డతో తుడిచి, పెట్టెలో సిలికా జెల్ సంచి పెట్టండి.

బారెల్, స్క్రూలు

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బారెల్‌లో నూనె పొర ఉంటుంది. పొడి ఫెల్ట్ పెల్లెట్లు వెనక నుంచి ముందుకు తోసి, అవి మురికి లేకుండా బయటికి వచ్చేదాకా శుభ్రం చేయండి. శుభ్రం చేసిన వెంటనే పడే షాట్లు అటూ ఇటూ పోతాయి, వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. ఇరవై షాట్ల దాకా ఊరికే కాల్చాక అసలు పరీక్ష మొదలుపెట్టండి.

స్టాక్‌కు యాక్షన్‌ను (పెల్లెట్ పెట్టి కాల్చే యంత్ర భాగాన్ని) బిగించే స్క్రూలను మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు టార్క్ రెంచ్‌తో బిగించండి. కస్టమ్ స్టాక్ విషయంలో ఇది మరీ ముఖ్యం. కొత్తగా చెక్కిన స్టాక్‌లో యాక్షన్ సరిగ్గా కూర్చోకపోతే ఎంత మంచి బారెల్ అయినా గ్రూప్ (వరుసగా కాల్చిన షాట్ల రంధ్రాల గుంపు) విప్పుకుంటుంది. ఇక డయాప్టర్‌ను, ఫ్రంట్ సైట్‌ను వేలితో కదిపి చూడండి. ఏ కొంచెం కదిలినా బిగించాలి.

వైస్‌లో బిగించి కాల్చడం

ఇదే అసలు పరీక్ష. రైఫిల్‌ను బరువైన బల్లకు బిగించిన వైస్‌లో పట్టించాలి. బారెల్‌ను గానీ, గాలి సిలిండర్‌ను గానీ వైస్ పట్టుకోకూడదు. యాక్షన్‌నో దాని కింది రైలునో పట్టుకోవాలి. క్లబ్బులో ఇలాంటి ఏర్పాటు లేకపోతే గాజువాక ఆటోనగర్‌లో పనితెలిసిన మెషిన్ షాపు వాళ్లకు కొలతలిచ్చి పట్టు చేయించుకోవచ్చు. దాని లోపల తోలు ముక్క గానీ రబ్బరు గానీ అతికించాలి.

పెల్లెట్ల విషయంలో చాలామంది బ్రాండ్ దగ్గరే ఆగిపోతారు. అది సరిపోదు. ఒకే బ్రాండ్‌లో 4.49, 4.50, 4.51 అని తల సైజులు వేరువేరుగా ఉంటాయి. ఒకే సైజులోనూ లాట్‌కూ లాట్‌కూ (ఒక విడతలో తయారైన సరుకు ఒక లాట్) తేడా ఉంటుంది. మీ బారెల్‌కు ఏది నచ్చుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు, కాల్చే తెలుసుకోవాలి. రైఫిల్‌తో పాటు వచ్చిన ఫ్యాక్టరీ టెస్ట్ కార్డులో ఒకే రంధ్రం కనిపిస్తుంది నిజమే. కానీ అది వాళ్ల పెల్లెట్‌తో, వాళ్ల గదిలో కాల్చింది. మీ దగ్గరున్న డబ్బాకు అది హామీ కాదు. అందుకే నాలుగైదు లాట్ల నుంచి ఒక్కో డబ్బా తెచ్చుకుని పోల్చండి. ఒకటి బాగుందని తేలాక, అదే లాట్ నంబరుతో సీజన్‌కు సరిపడా కొనండి.

కాల్చే వరుసలో ఒక మెలకువ ఉంది. ఒక లాట్ మొత్తం కాల్చేసి ఇంకో లాట్‌కు వెళ్లవద్దు. మొదటి దానితో ఒక గ్రూప్, రెండో దానితో ఒక గ్రూప్, మూడో దానితో ఒకటి, మళ్లీ మొదటి నుంచి. ఇలా తిప్పుతూ కాలిస్తే సిలిండర్ ప్రెషర్ తగ్గడం వల్లో, గది వేడెక్కడం వల్లో వచ్చే తేడా ఒక్క లాట్ ఖాతాలో పడదు. ప్రతి గ్రూప్‌కూ కొత్త కార్డు పెట్టండి. వెనక లాట్ నంబరు, ప్రెషర్, తేదీ రాయండి. చివర్లో మొదటి లాట్‌తో ఇంకో గ్రూప్ కాల్చండి. అది ముందు పడ్డ చోటే పడితే వైస్ కదలలేదని అర్థం. పక్కకు జరిగితే మధ్యలో ఎక్కడో పట్టు సడలింది, ఆ రోజు ఫలితాలు నమ్మడానికి లేదు.

రైఫిల్ కాసేపు ఖాళీగా ఉండి మళ్లీ మొదలుపెట్టినప్పుడు మొదటి ఒకటి రెండు షాట్లు వేరే చోట పడితే రెగ్యులేటర్‌ను అనుమానించాలి. వాటిని చెరిపేయకుండా విడిగా రాసుకోండి. పోటీలో విరామం తర్వాత కాల్చే షాట్‌కూ ఇదే జరుగుతుంది.

గ్రూప్‌ను కొలవడం

మ్యాచ్ పెల్లెట్ ముక్కు చదునుగా ఉంటుంది కాబట్టి కాగితాన్ని పంచింగ్ మెషిన్‌లా గుండ్రంగా కోస్తుంది. రంధ్రం అంచున సన్నగా బూడిద రంగు గీత కనిపిస్తుంది, అది సీసం. కొలిచేటప్పుడు ఆ గీత బయటి అంచును చూడండి. చిరిగి లేచిన కాగితపు పోగును లెక్కలోకి తీసుకోవద్దు. కార్డును బల్ల మీద చదునుగా పరిచి, వెలుతురు పక్క నుంచి పడేలా చేసి, వెర్నియర్ కాలిపర్‌తో గ్రూప్ బయటి అంచు నుంచి అంచుకు అత్యధిక దూరం తీసుకోండి. స్టీల్ ప్లాంట్‌లోనో షిప్‌యార్డులోనో పనిచేసిన పెద్దవాళ్లుంటే ఆ పని వాళ్లకే అప్పజెప్పండి, చెయ్యి వణకదు. వచ్చిన దానిలోంచి 4.5 తీసేస్తే కేంద్రం నుంచి కేంద్రానికి దూరం తెలుస్తుంది.

పది షాట్ల గ్రూప్ బయటి కొలత 6.5 వచ్చిందనుకోండి. కేంద్రాల మధ్య దూరం 2 మిల్లీమీటర్లు. గ్రూప్‌ను టార్గెట్ మధ్యకు తెస్తే ఎంత చెడ్డ షాట్ అయినా దాదాపు 1 మిల్లీమీటరు లోపే తప్పుతుంది, అంటే 10.6. అదే 7.5 వస్తే చెడ్డ షాట్ 10.4కు దిగుతుంది. ఒక్క మిల్లీమీటరు తేడాకు ఇంత విలువ ఉంది.

ఇక్కడే చాలామంది తమను తాము మోసం చేసుకుంటారు. మూడు షాట్ల గ్రూప్ చూసి మురిసిపోతారు. ఒకే రైఫిల్, ఒకే పెల్లెట్ అయినా పది షాట్ల గ్రూప్ ఐదు షాట్ల గ్రూప్ కంటే సగటున పావు వంతు పెద్దగా వస్తుంది. అది రైఫిల్ లోపం కాదు, లెక్క అలాగే ఉంటుంది. కాబట్టి ఐదును ఐదుతోనే, పదిని పదితోనే పోల్చాలి. నా మాట వింటే ఒక్కో లాట్‌కు పది షాట్ల గ్రూపులు కనీసం మూడు కాల్చండి. మూడింటి సగటు తీయండి. పక్కకు పోయిన షాట్‌ను 'అది లెక్కలోకి రాదు' అని కొట్టేయవద్దు. వైస్‌లో ఉన్న రైఫిల్‌కు చెయ్యి వణకడం ఉండదు. ఆ షాట్ పక్కకు పోయిందంటే రైఫిలో పెల్లెటో పంపింది. దాన్ని తీసేస్తే మీరు తెలుసుకోవాల్సిందే పోతుంది.

క్లబ్బులో ఎలక్ట్రానిక్ టార్గెట్ ఉంటే ఇంకా మంచిది. కాగితం మీద పది రంధ్రాలు కలిసిపోతే బయటి అంచు తప్ప లోపల ఏది ఎక్కడ పడిందో తెలియదు. ఎలక్ట్రానిక్ టార్గెట్ ప్రతి షాట్ చోటూ విడిగా చూపిస్తుంది.

వేగం

క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగం కొలిచే పరికరం) దొరికితే పది షాట్ల వేగం రాసుకోండి. సెకనుకు 170 మీటర్ల వేగంతో పోయే పెల్లెట్ 10 మీటర్లలో దాదాపు 17 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. వేగం ఒక శాతం మారితే ఆ దిగుబాటు 0.35 మిల్లీమీటరు దాకా మారుతుంది, అంటే పదో వంతు పాయింటు కంటే ఎక్కువే. వైస్‌లో గ్రూప్ నిలువుగా సాగుతూ, వేగమూ షాట్ షాట్‌కూ ఊగుతుంటే అది బారెల్ సమస్య కాదు, రెగ్యులేటర్ సమస్య.

డయాప్టర్ తిరిగి వస్తోందా?

రెస్ట్ మీద పెట్టి ఐదు షాట్లు కాల్చండి. కుడికి పది క్లిక్కులు తిప్పి ఐదు, పైకి పది తిప్పి ఐదు, ఎడమకు పది, కిందికి పది. చివరి గ్రూప్ మొదటి దాని మీదే పడాలి. అలా పడకపోతే సైట్ మీద నమ్మకం పెట్టుకోలేం.

ఇప్పుడు భుజం మీద

పెల్లెట్ ఏదో తేలాక షూటర్ వంతు. టార్గెట్ మీద గురి పెట్టి, కళ్లు మూసుకుని రెండు ఊపిరులు తీసుకుని తెరిచి చూడమనండి. సైట్ నల్ల గుండ్రానికి పక్కకు జరిగి ఉంటే నిలబడే కోణం మార్చాలి. పైకో కిందికో ఉంటే బట్‌ప్లేట్ (భుజానికి ఆనే పలక) ఎత్తు, చెంప ఆనే చోటు సరిచూడాలి. కస్టమ్ స్టాక్ చేయించుకున్నది ఒంటికి అమరడానికే కాబట్టి, మెడ వంచి గురి చూడాల్సి వస్తే కొలత తప్పినట్టే. ఆ తర్వాత పదేసి షాట్ల సిరీస్‌లు కొన్ని కాల్చి దశాంశాల సగటు తీయండి. వైస్‌లో 10.6 కంటే కిందికి దిగని రైఫిల్‌తో భుజం మీద సగటు 10.1 వస్తుంటే, ఆ తేడా సాధనతో పూడ్చాల్సింది. దానికి ఇంకో బారెల్ కొనవద్దు.

గ్రూప్ బాగా రాకపోతే

కంగారు పడవద్దు. ముందు వేరే లాట్ పెల్లెట్ ప్రయత్నించండి. తర్వాత స్క్రూలు, ఆ తర్వాత బారెల్ శుభ్రం, సైట్లు, వేగం. ఒకసారికి ఒక్కటే మార్చి మళ్లీ అదే పది షాట్ల గ్రూపులు కాల్చండి. రెండు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఇవన్నీ చూశాక కూడా గ్రూప్ విప్పుకునే ఉంటే బారెల్ మూతి అంచు దెబ్బతిని ఉండవచ్చు, లేదా బారెల్ లోపలే లోపం ఉండవచ్చు. దాన్ని ఇంట్లో సరిచేయాలని చూడకండి. తేదీ, లాట్ నంబరు, ప్రెషర్ రాసిన కార్డులన్నీ రైఫిల్‌తో పాటు తయారీదారుకు పంపండి. చెడ్డ కార్డులు కూడా అందులో ఉండాలి, వాళ్లు ముందు చూసేది వాటినే.