రిమోట్‌తో ఎగిరే జెట్ మోడల్ విమానానికి సొంతంగా ఫ్యూయల్ ట్యాంక్ చేస్తున్నారా? రెజిన్ కలిపే ముందు ఇవి చూసుకోండి

థర్మోకోల్ అచ్చు మీద కెవ్లార్ (గట్టి నార బట్ట) చుట్టి, రెజిన్ (ఆరాక గట్టిపడే ద్రవం) పట్టించి, తర్వాత అసిటోన్‌తో అచ్చును కరిగించే పద్ధతికి ఈ జాగ్రత్తలు.

• లీక్ టెస్ట్ చేయకుండా ట్యాంక్‌ని బాడీలో బిగించకండి. సూదిమొన అంత రంధ్రం చాలు, కిరోసిన్ టర్బైన్ దగ్గరికి చేరుతుంది, విమానమే కాలిపోతుంది. ట్యాంక్‌ని నీళ్లలో ముంచి నోటితో ఊదండి, బుడగలు ఎక్కడొస్తున్నాయో చూడండి. కంప్రెసర్ వద్దు, చదును గోడలు ఉబ్బి అతుకులు విడిపోతాయి.

• పాలియెస్టర్ రెజిన్ వాడొద్దు. అందులోని స్టైరీన్ థర్మోకోల్‌ని అక్కడికక్కడే తినేస్తుంది. ఎపాక్సీ రెజినే వాడాలి.

• ఎపాక్సీ పూర్తిగా గట్టిపడకముందు అసిటోన్ పోయకండి, పొరలు మెత్తబడతాయి. తొందరపడి చెడగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. కరిగిన థర్మోకోల్ జిగురు పోయేదాకా కొత్త అసిటోన్‌తో మళ్లీ మళ్లీ కడగండి. మిగిలిన ముక్కలు ఫిల్టర్‌కి అడ్డుపడితే ఇంజన్ గాల్లోనే ఆగుతుంది.

• ట్యాంక్ లోపలి గొట్టం సిలికాన్‌ది కాకూడదు. మిథనాల్‌తో నడిచే చిన్న గ్లో ఇంజన్‌కి అది సరే, కిరోసిన్‌లో ఉబ్బిపోతుంది. కిరోసిన్‌కి తట్టుకునే టైగాన్ లేదా వైటాన్ రకం గొట్టం తీసుకోండి.

• వెంట్ గొట్టం (గాలి లోపలికి వచ్చేది) ట్యాంక్‌లో అన్నిటికన్నా ఎత్తున తెరుచుకోవాలి, ఇంధనం ఇంజన్‌కి పోయే ఫీడ్ గొట్టం కన్నా సన్నగా ఉండకూడదు. గాలి అందకపోతే పంపు లాగుడుకి ట్యాంక్ లోపలికి నొక్కుకుపోతుంది.

• ఇత్తడి గొట్టాలను అతికించే ముందు గరుకు కాగితంతో రుద్దండి. నున్నటి ఇత్తడికి ఎపాక్సీ పట్టదు.

• కెవ్లార్ బదులు కార్బన్ క్లాత్ జోలికి పోకండి. ఇంధనం ఎంతుందో కనబడదు, పక్కనున్న రిసీవర్‌కి రిమోట్ నుంచి వచ్చే సిగ్నల్‌ని అడ్డుకుంటుంది.