మిర్చి సీజన్లో మార్చి 31: లెక్కలు ముగించే ముందు జాగ్రత్తలు

గుంటూరులో లెక్కలు రాసేవాళ్లను మార్చి నెల రెండు వైపుల నుంచీ తరుముతుంది. మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) గుట్టలుగా పడే రోజులూ, ఆర్థిక సంవత్సరం ముగిసే రోజులూ ఒకటే. షావుకారు ధ్యాసంతా ధర మీదే ఉంటుంది. అలాంటప్పుడు పక్కన చేరి, “జూన్లో ఈ ఐదు వేలు ఎవరికి ఇచ్చారండీ?” అని అడిగితే కసురుకోవడం ఖాయం. అందుకే నేను మార్చి పదో తేదీకల్లా ఈ పనులు మొదలుపెట్టిస్తాను.

ముందుగా ఒక అపోహ సంగతి. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీలో సంవత్సరాన్ని మూసివేసే మీట ఏదీ లేదు. మార్చి 31 నాటి నిల్వలు ఏప్రిల్ 1కి వాటంతట అవే వస్తాయి. అయినా కొందరు ఏప్రిల్ రాగానే డేటాను రెండుగా విడగొట్టేస్తారు. ఆ తర్వాత ఆడిటర్ తరుగుదల (డిప్రిసియేషన్) పద్దు వేయమంటారు, పాత భాగంలో వేస్తారు. కొత్త భాగంలోని ప్రారంభ నిల్వకు ఆ సంగతే తెలియదు. రెండేళ్ల ఆస్తి అప్పుల పట్టీలు పక్కపక్కన పెడితే పొంతన ఉండదు. డేటా బాగా బరువెక్కి కంప్యూటర్ మొరాయిస్తోందనుకుంటే విడగొట్టండి, కాదనను. కానీ ఆడిట్ సంతకాలు అయ్యాకే.

బ్యాకప్ తీశామనే మాటను నేను నమ్మను. ఒకసారి నమ్మి చెడ్డాను. విజయవాడ ఆటోనగర్‌లో ఒక విడిభాగాల దుకాణం లెక్కలు చూసేవాణ్ణి. ఏప్రిల్ మొదటి వారంలో హార్డ్‌డిస్క్ పోయింది. పెన్‌డ్రైవ్‌లో రోజుకో బ్యాకప్ ఉందని ధైర్యంగానే ఉన్నాం. తెరిచి చూస్తే అన్నీ రెండేళ్ల క్రితం వాడకం ఆపేసిన పాత కంపెనీవి (టాలీలో ఒక్కో లెక్కల పుస్తకాన్నీ కంపెనీ అంటారు). జాబితాలో పైన ఉన్న పేరునే అక్కడి కుర్రాడు రోజూ నొక్కుతూ వచ్చాడు. నేనూ ఒక్కనాడు తెరిచి చూడలేదు. బిల్లు పుస్తకాలూ బ్యాంకు స్టేట్‌మెంట్లూ ముందేసుకుని పోయిన పద్దులన్నీ మళ్లీ కొట్టాం.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. మిగతా కంప్యూటర్లలో సాఫ్ట్‌వేర్ మూయించి, ఒక్కరే కూర్చుని బ్యాకప్ తీయాలి. దాన్ని వేరే కంప్యూటర్‌లోనో వేరే ఫోల్డర్‌లోనో రిస్టోర్ చేసి, చివరి బిల్లు నంబరు, నగదు నిల్వ అసలుతో సరిపోయాయా అని చూడాలి. నడుస్తున్న డేటా ఉన్న ఫోల్డర్‌లోకి మాత్రం రిస్టోర్ చేయవద్దు, కొత్తదాన్ని పాతది తుడిచిపెట్టేస్తుంది. ఒక ప్రతి దుకాణంలో, ఒకటి ఇంట్లో ఉంచండి.

ఇక నగదు. పుస్తకంలో నాలుగు లక్షలు, గల్లాలో పద్దెనిమిది వేలు ఉంటే ఆ తేడా చాలావరకు యజమాని ఇంటి ఖర్చే. దాన్ని సొంత వాడకం కింద రాయించండి. నెలాఖరు నిల్వ ఒక్కటే చూస్తే చాలదు. రోజువారీ నిల్వ తీసి చూడండి, ఏదో ఒక రోజు మైనస్‌లో కనిపిస్తుంది. లేని డబ్బు ఎలా ఖర్చుపెట్టారని అడిగితే జవాబుండదు. ఏ ఖాతాలో వేయాలో తేలక సస్పెన్స్ ఖాతాలో పడేసినవాటినీ ఇప్పుడే తేల్చుకోండి. బ్యాంకు సరిపోలికలో చూడాల్సింది పాత చెక్కులు. చెక్కు చెల్లుబాటు మూడు నెలలే కనుక, డిసెంబరుకు ముందు ఇచ్చినది ఇంకా జమకు వెళ్లలేదంటే ఆ పార్టీకి ఫోన్ చేయాల్సిందే.

మా ఊళ్లో అసలు చిక్కు సరుకు నిల్వ దగ్గర. కోల్డ్ స్టోరేజీలో ఉన్నవన్నీ మనవి కావు. రైతు తన పేరున దాచుకున్నవి ఉంటాయి, మనం కొన్నవి ఉంటాయి. మనం అప్పు ఇచ్చినంత మాత్రాన రైతు సరుకు మన నిల్వలోకి రాదు. బాండ్లు (కోల్డ్ స్టోరేజీ ఇచ్చే రసీదులు) ఒక్కొక్కటీ తీసి, ఎవరి పేరున ఉంది, మన కొనుగోలు బిల్లు ఉందా అని చూడాలి. ఫిబ్రవరిలో పచ్చితేమతో తూచిన కాయ ఆరేసరికి బరువు తగ్గుతుంది. ఆ తరుగును ఫిజికల్ స్టాక్ వోచర్‌లో (టాలీలో, లెక్కపెట్టి చూసిన సరుకును రాసే పద్దులో) చూపకపోతే, లేని సరుకు పుస్తకంలో ఉండిపోతుంది. ఇంకొకటి: తేజ రకం మిర్చి అమ్మి బిల్లులో 334 రకం అని కొడతారు. ఒక రకం మైనస్‌లోకి పోతుంది, మరొకటి మిగిలిపోతుంది. మొత్తం టిక్కీలు సరిపోతాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. విలువ మాత్రం తప్పుతుంది. 31 సాయంత్రం బిల్లు అయిపోయి లారీ ఎక్కని సరుకుంటే దాన్ని మన నిల్వలో కలపకండి.

నిల్వ విలువను చేత్తో వేసే పద్ధతిలో నడిచే కంపెనీ అయితే, మార్చి 31 తేదీతో ఆ అంకె మీరే నింపాలి. మరిచిపోతే లాభం కాస్తా నష్టంగా కనిపించి ఇంటిల్లిపాదినీ హడలగొడుతుంది.

చిన్న యూనిట్లకు ఇవ్వాల్సిన బాకీలు తీసి చూడండి. ఉద్యం (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారులకూ సేవలందించేవారికీ రాతపూర్వక ఒప్పందం లేకుంటే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజుల్లోపు చెల్లించాలి. ఆ గడువు దాటి మార్చి 31కి కూడా ఇవ్వకపోతే ఆ ఖర్చు ఈ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో ఒప్పుకోరు, ఇచ్చిన ఏడాదే ఒప్పుకుంటారు. లేత్ పని చేసిపెట్టిన ఆటోనగర్ షెడ్డు బిల్లు ఇలాంటిదే. మనం బాకీ ఉన్నది సరుకు కొని అమ్మే వ్యాపారికైతే ఈ నిబంధన వర్తించదు.

జీఎస్టీలో మార్చి 2బి (మనకు అమ్మినవాళ్లు చూపిన బిల్లుల మీద మనకొచ్చే పన్ను జమ పట్టీ) ఏప్రిల్ 14న గానీ రాదు. ఫిబ్రవరి దాకా ఉన్నవి ఇప్పుడే సరిచూసుకోవచ్చు. పన్ను కట్టకుండా మిర్చి ఎగుమతి చేసేవారి ఎల్‌యూటీ (అందుకు ఇచ్చే హామీ పత్రం) మార్చి 31తో ముగుస్తుంది, కొత్తది ముందే దాఖలు చేయండి.

చిట్టా, ఆవర్జా రాసిన కాలంలో పాత పుస్తకం కట్టి అటక మీద పెట్టాక దాని జోలికి ఎవరూ వెళ్లేవారు కాదు. కంప్యూటర్‌లో పాత సంవత్సరం ఒక్క మీట దూరంలో ఉంటుంది. ఆడిటర్‌కు అంకెలు ఇచ్చేశాక వాడుకరి హక్కుల్లోకి వెళ్లి, పాత తేదీలతో వోచర్లు వేయడానికి గడువు తేదీ పెట్టండి. ఆడిటర్ చెప్పిన సవరణలు వేసే అధికారం ఒక్కరికే ఉంచండి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే, 2023 ఏప్రిల్ 1 నుంచి మార్పుల చరిత్రను నమోదుచేసే సాఫ్ట్‌వేరే వాడాలి. ఎవరు ఏ పద్దు ఎప్పుడు మార్చారో అందులో కనిపిస్తుంది.

ఏప్రిల్ 1న మొదటి బిల్లు కొట్టే ముందు ఎఫ్2 నొక్కి తేదీ చూడండి. టాలీలో నిన్నటి తేదీ అలాగే ఉండి, కొత్త ఏడాది అమ్మకాలు పాత ఏడాదిలోకి జారిపోవడం ఏటా ఎక్కడో ఒకచోట జరుగుతుంది. బిల్లు నంబరు ముందుండే సంవత్సరం గుర్తు మార్చి, వరుసను ఒకటి నుంచి మొదలుపెట్టండి. గుర్తుతో కలిపి నంబరు 16 అక్షరాలు దాటకూడదు. మా పార్టీలందరినీ ఆ ఉదయం మొదటి బిల్లు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమంటాను. తేదీ, నంబరు చూసి సరేనన్నాకే రెండో బిల్లు.