లినక్స్‌లో బ్లూటూత్ శబ్దాన్ని సరిచేసే ముందు జాగ్రత్తలు

విజయనగరంలో సంగీతం నేర్చుకుంటూ, వయొలిన్ సాధనను లినక్స్ కంప్యూటర్‌లో రికార్డు చేసుకునేవారి కోసం ఇది. ఆర్డోర్ అనే రికార్డింగు ప్రోగ్రాము తెరవగానే బ్లూటూత్ హెడ్‌ఫోను మూగబోతే, కంగారుపడి దేన్నీ తొలగించకండి. ముందు ఇవి చూడండి.

• రికార్డింగును సేవ్ చేసి, ప్రోగ్రామును పూర్తిగా మూసేయండి.

• ప్రోగ్రాముల శబ్దాన్ని హెడ్‌ఫోనుకు చేర్చే సాఫ్ట్‌వేరుగా మీ కంప్యూటర్‌లో నడుస్తున్నది పల్స్‌ఆడియోనా, పైప్‌వైరా? అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటులో 22.10 వెర్షన్ నుంచి పైప్‌వైరే ముందుగా అమర్చి వస్తోంది. పాత సలహా ఏదో చదివి దాని పక్కన పల్స్‌ఆడియోను కూడా నడిపితే, రెండూ ఒకే హెడ్‌ఫోను కోసం పోటీపడతాయి. జాక్ (JACK) అనే మరో శబ్ద సాఫ్ట్‌వేరు విడిగా నడుస్తూ ఉంటే సౌండుకార్డును తన గుప్పిట్లో పెట్టుకుంటుంది. దాన్ని ఆపి చూడండి.

• సెట్టింగుల ఫైళ్లు మార్చే ముందు వాటి నకలు తీసి పెట్టుకోండి.

• హెడ్‌ఫోనులోని మైకును ఎంచుకున్నారేమో చూడండి. అలా ఎంచుకుంటే బ్లూటూత్ సాధారణంగా ఫోను సంభాషణల పద్ధతికి మారిపోతుంది. అప్పుడు తంబురా శ్రుతి పాత టెలిఫోనులో విన్నట్టు పలచబడుతుంది. అది చెడిపోవడం కాదు. వేరే మైకు ఎంచుకుంటే చాలు.

• వైరు హెడ్‌ఫోను ఒకటి దగ్గర ఉంచుకోండి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి, వింటూ వాయించేటప్పుడు తాళం తప్పుతుంది. రికార్డింగుకు వైరే వాడాలని నా గట్టి అభిప్రాయం.